చిరుధాన్యాల ఆన్‌లైన్ విక్రయం: ప్రచారంలో పాటించవలసిన మెలకువలు

భారతదేశ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్ర, సామ, అరిక, ఊద బియ్యాన్ని రైతు ఉత్పత్తిదారుల సంఘాలు నేడు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఓ.ఎన్.డి.సి. వంటి వేదికల ద్వారా నేరుగా అమ్ముకోగలుగుతున్నాయి. అయితే గింజ స్వభావాన్ని గమనించని ప్రచారం మొదటి కొనుగోలును తెచ్చినా, రెండవ కొనుగోలును తేలేదు.

గింజకు తగిన మాట: రాగులలో కాల్షియం అధికమని చెప్పవచ్చు; 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. కాని "మధుమేహాన్ని నయం చేస్తుంది" అని ప్రకటించరాదు. 2018 నాటి ప్రకటనల నిబంధనలు ఇటువంటి మాటలను నిషేధించాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. చిరుధాన్యాలలో సహజంగా గ్లూటెన్ ఉండదు. అయినా గోధుమలు ఆడిన మరలోనే పిండి పట్టిస్తే ఆ మాట నిలవదు. కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం.

నిల్వకు తగిన ప్రచారం: పాలిష్ చేయని బియ్యంపై ఉండే తవుడు పొరలో పీచుతోపాటు నూనె కూడా ఉంటుంది. గాలి తగిలితే ఈ నూనె ముక్కవాసన పడుతుంది. సజ్జ పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది. అందువలన పండుగ రాయితీ కోసం ముందుగా మర పట్టించి నిల్వ ఉంచరాదు. పొట్టుతో ఉన్న ధాన్యాన్ని నిల్వ చేసి, ఆర్డర్లను బట్టి కొద్దికొద్దిగా మర పట్టించి, ఆ తేదీని ప్యాకెట్‌పైనా, ప్రకటనలోనూ చూపాలి.

రాయితీ లెక్క: కిలో కొర్ర బియ్యం ధర 120 రూపాయలు అనుకుందాం. ధాన్యం, మర, ప్యాకింగ్ ఖర్చు 80, రవాణా, వేదిక రుసుము 25 పోగా 15 రూపాయలు మిగులుతాయి. ఖర్చులు మారకుండా 10 శాతం రాయితీ ఇస్తే మిగులు 3 రూపాయలే. 20 శాతం ఇస్తే కిలోకు 9 రూపాయల నష్టం. ఆ నష్టం చివరకు రైతుకిచ్చే ధాన్యం ధరలోనే కోతగా మారుతుంది. ధర తగ్గించుటకు బదులు మూడు, నాలుగు రకాలను ఒకే పార్సిల్‌గా ఇస్తే కిలోకు పడే రవాణా ఖర్చు తగ్గుతుంది. రైతు ధర నిలుస్తుంది.

వండే విధానం, నానబెట్టవలసిన సమయం తెలిపే చిన్న వీడియోలు ప్రచారానికి ఎంతో ఉపకరిస్తాయి. వండుట తెలిసిన గృహిణి మరల కొంటుంది.