గంటతో కాని పని, 14 వారాల్లో అయింది

వాట్సాప్‌లో వచ్చిన కబురు నిజమో కాదో తేల్చుకోవడం నేర్పాలంటే ఎంతకాలం పడుతుంది? బిహార్‌లో ఈ లెక్క రెండుసార్లు తీశారు.

2019 లోక్‌సభ ఎన్నికల వేళ పరిశోధకురాలు సుమిత్ర బద్రీనాథన్ గయలో 1,224 మందితో అధ్యయనం చేశారు. కొందరి ఇళ్లకు మనుషులను పంపి, సుమారు గంటసేపు దగ్గర కూర్చుని నేర్పించారు. తర్వాత పరీక్ష పెడితే, మొత్తం మీద ఫలితం కనిపించలేదు. ఒక పార్టీ అభిమానులైతే తమకు నచ్చిన అబద్ధాలను పట్టుకోవడంలో ఇంకా వెనకబడ్డారు!

రెండోసారి పద్ధతి మార్చారు. ప్రభుత్వ సంస్థ జీవికతో కలిసి 583 గ్రామాల్లో 13,500 మందికి పైగా 8–12 తరగతుల పిల్లలను తీసుకున్నారు. కొందరికి 14 వారాల వ్యవధిలో గ్రంథాలయాల్లో ఈ తరగతులు నడిపారు. మిగతావారికి ఇంగ్లిష్ చెప్పారు. పాఠాలు ప్రధానంగా ఆరోగ్య పుకార్ల మీద. నాలుగు నెలల తర్వాత చూసినా నేర్చుకున్నది నిలిచింది. చెప్పని రాజకీయ పుకార్లకూ పనికొచ్చింది. తల్లిదండ్రుల్లో కూడా మార్పు కనిపించింది. ఎందుకిలా? పెదనాన్న పంపిన ఆరోగ్య చిట్కాను ఒక పిల్లవాడు ఒక్కడే తప్పనడం కష్టం. తోటివాళ్లంతా అదే అడుగుతుంటే ధైర్యం వస్తుంది. తేడా అక్కడే ఉందని నా నమ్మకం.

మనం మాత్రం తలలు లెక్కపెడుతున్నాం. గ్రామీణ డిజిటల్ సాక్షరత కోసం 2017లో మొదలైన కేంద్ర పథకం పీఎంజీదిశ కింద 20 గంటల శిక్షణ 6.39 కోట్ల మందికి అందింది. సుమారు 4.8 కోట్ల మంది సర్టిఫికెట్ పొందారు. అయినా సైబర్ మోసాల్లో దేశం పోగొట్టుకున్న సొమ్ము 2023లో రూ.7,465 కోట్లు, 2024లో రూ.22,845 కోట్లు. ఫోన్ నొక్కడం వేరు, ఫోన్‌లో చెప్పింది నమ్మాలో వద్దో తేల్చుకోవడం వేరు.

పైగా అందరి చేతికీ నెట్ రాలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవారిలో 48.8, 57.4 శాతం. ఆలస్యంగా నెట్‌లోకి అడుగుపెట్టే ఆడవాళ్లకు ఈ పాఠం ముందే అందాలి.

ఈ తరగతులకు చోటు కోసం వెతకనక్కర్లేదు, గ్రంథాలయాలు ఉన్నాయి. వాటి కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు దాన్ని బకాయి పెట్టడం పాత కథే. ఈసారి గ్రామసభకు వెళ్తే ఆ సెస్సు ఏమైందో అడగండి, గ్రంథాలయంలో ఈ తరగతులు పెట్టమనండి. ఈలోగా సైబర్ మోసంలో డబ్బు పోతే క్షణం ఆగకుండా హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.