పాపికొండలకు పడవెక్కేముందు...

పినపాక, మణుగూరు వైపు వాళ్లకి గోదావరి కొత్తేమీ కాదు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. అవతలి ఒడ్డున చుట్టాలుంటే నాటుపడవెక్కి వెళ్లొచ్చిన పెద్దలు ఇంటింటికీ ఉంటారు. వరదొస్తే భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుందో టీవీ పెట్టకుండానే కనుక్కోగలరు. అలాంటివాళ్లు కూడా కార్తీకమాసం రాగానే, సంక్రాంతి సెలవులివ్వగానే టిక్కెట్టు కొనుక్కుని మరీ అదే గోదావరిని చూడ్డానికి బయల్దేరతారు. ఎందుకంటే అది వేరే గోదావరి! ఇక్కడ ఇసుకతిన్నెల మధ్య విశాలంగా, తాపీగా పారే నది, కూనవరం దగ్గర శబరిని కలుపుకొని పాపికొండల్లోకి వెళ్లేసరికి కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. రెండువైపులా నిటారుగా అడవి. మధ్యలో పాపిటలా నీళ్లు. పాపిడికొండలే పాపికొండలయ్యాయని ఆ ఊళ్లవాళ్లు చెబుతారు.

సముద్రంలో వారాల తరబడి తిరిగే పెద్దపెద్ద ఓడల విహారం మన మధ్యతరగతికి ఇప్పుడిప్పుడే పరిచయమవుతోంది. విశాఖపట్నంలో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది 2023లోనే. కానీ మనకు మాత్రం 'షిప్పు ప్రయాణం' అంటే ఎప్పటినుంచో గోదావరి లాంచీయే. రోడ్లు సరిగా లేని రోజుల్లో శ్రీరామనవమికి రాజమండ్రి నుంచి భద్రాద్రికి లాంచీల్లోనే వెళ్లేవారు. బాపు 'అందాల రాముడు'(1973), శేఖర్ కమ్ముల 'గోదావరి'(2006)... రెండూ ఆ ప్రయాణాన్నే తెరకెక్కించాయి. ఆ రెండో సినిమా చూశాక పాపికొండలకు వెళ్లని వాళ్లు కూడా వెళ్లాలనుకున్నారు.

అయితే సినిమాలో పడవ వేరు, మనం ఎక్కే పడవ వేరు. తిరిగొచ్చాక 'బాగుంది కానీ...' అని ఆగేవాళ్లే ఎక్కువ. ఆ 'కానీ' తర్వాత వచ్చే మాటలేమిటో ముందే తెలిస్తే సగం చిరాకు తప్పుతుంది. కొన్నిసార్లు చిరాకును మించిందే తప్పుతుంది.

ఎటునుంచి ఎక్కాలి?

దారులు రెండు. రాజమండ్రి వైపు నుంచి వెళ్లేవాళ్లు ఒకప్పుడు పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల్లో ఎక్కేవారు. పోలవరం డ్యాం అడ్డుగా వచ్చాక ఎగువన ఉన్న గండిపోచమ్మ గుడి దగ్గర్నుంచి బోట్లు కదులుతున్నాయి. ఖమ్మం, కొత్తగూడెం, పినపాక వాళ్లకు మాత్రం భద్రాచలం మీదుగా వెళ్లడమే సులువు. మణుగూరు నుంచి సారపాక వంతెన దాటి భద్రాచలం, అక్కడినుంచి కూనవరం, వి.ఆర్.పురం మీదుగా పోచవరం. భద్రాచలం నుంచి సుమారు 75 కిలోమీటర్లు.

మొదటి ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. 'భద్రాచలంలో బోటెక్కుతాం' అనుకుని వస్తారు చాలామంది. రాముడి గుడి మెట్ల కిందే పడవ ఉంటుందని వాళ్ల ఊహ. తీరాచూస్తే మరో రెండుగంటలు రోడ్డు ప్రయాణం. ఆ రానూపోనూ ఖర్చు టిక్కెట్టులో కలిసుందా, లేదా అన్నది ఏజెంటు చెప్పడు, మనం అడగం. తెల్లారకముందే లేచి వచ్చిన పిల్లలు పోచవరం చేరేసరికే సొమ్మసిల్లి ఉంటారు. ముందురోజు సాయంత్రానికే భద్రాచలం చేరి, దర్శనం చేసుకుని, రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరడం మంచిది. శ్రీరామనవమి, ముక్కోటి రోజుల్లో మాత్రం గది దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో చిక్కూ ఉంది. 2014 విభజనలో కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2022లో అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరాయి. భద్రాచలం పట్టణమేమో తెలంగాణలో ఉంది. అంటే టిక్కెట్టు కొనేది ఒక రాష్ట్రంలో, పడవెక్కేది మరో రాష్ట్రంలో. పైనుంచి వరదొచ్చో, గాలివాన హెచ్చరికతోనో పోచవరంలో బోట్లు ఆపేస్తే ఆ కబురు భద్రాచలం దాకా రావాలి. వచ్చేసరికి మీ బస్సు సగం దారిలో ఉండొచ్చు. అందుకే బయల్దేరే ముందురోజు ఏజెంటును రెండు ప్రశ్నలు అడగండి. రేపు బోట్లకు అనుమతి ఉందా? ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా, లేక మరో తేదీ ఇస్తారా? ఆ జవాబును మాటగా కాదు, రసీదు మీదో, ఫోన్‌లో మెసేజీగానో తీసుకోండి.

పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం గొడవ

ప్రయాణికుల ఫిర్యాదుల్లో తిండిదే అగ్రతాంబూలం. టిఫిను, భోజనం టిక్కెట్టులోనే కలిపి ఇస్తారు. వేడిగా ఉండదని, రెండోసారి అడిగితే కూర అయిపోయిందంటారని, ముసలివాళ్లు వరుసలో నిలబడలేకపోతున్నారని గొణుగుతుంటారు. నిజమే. కానీ బోటు మీద వంటంటే గ్యాసు బండ, మంట. 2018 మే 11న దేవీపట్నం సమీపంలో నది మధ్యలో ఓ పర్యాటక బోటు మంటల్లో చిక్కుకుంది. సమయానికి ఒడ్డుకు చేర్చబట్టి ప్రయాణికులంతా బతికి బయటపడ్డారు. కాబట్టి ఒడ్డున వండి తెచ్చిన అన్నం కాస్త చల్లారినా సర్దుకుపోవడమే మేలు. చంటిపిల్లలకు పాలు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు వేళకు తినే పదార్థం, అందరికీ మంచినీళ్లు మీ సంచీలో ఉంటే సరి.

తర్వాతిది చప్పుడు. కొండల నిశ్శబ్దం విందామని వెళ్తే స్పీకర్ల మోత! మైకులో యాంకరమ్మ జోకులు, పాటలకు డాన్సులు. కుర్రకారుకు అదే సరదా, నడివయసు వాళ్లకు అదే తలనొప్పి. దీనికి మందులేదు. పెద్దపండగ సెలవుల్లో, ఆదివారాల్లో కాకుండా వారం మధ్యలో వెళితే కొంత నయం. రద్దీ తగ్గితే కిటికీ పక్క సీటూ దొరుకుతుంది, మరుగుదొడ్డి దగ్గర క్యూ కూడా తగ్గుతుంది.

పైడెక్కు, కిందిడెక్కు అన్న పేచీ ఒకటి. పైన గాలి, దృశ్యం బావుంటాయి కానీ మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది. టోపీ, కళ్లద్దాలు లేకుండా వెళ్తే ఇంటికొచ్చాక అద్దంలో ముఖం గుర్తుపట్టలేం. కింద నీడ ఉంటుంది, కొన్ని బోట్లలో ఏసీ గదులూ ఉంటాయి. కాకపోతే ఏసీ గది అంటే మూసిన తలుపులు, మూసిన కిటికీలు. అదెందుకు ఆలోచించాల్సిన విషయమో తెలియాలంటే రెండు తేదీలు గుర్తుచేసుకోవాలి.

మంటూరు, కచ్చులూరు

2018 మే 15 సాయంత్రం. కొండమొదలు వైపు నుంచి లాంచీ వస్తోంది. అది పర్యాటకుల బోటు కాదు. బజారు పనులకూ ఆసుపత్రికీ ఏజెన్సీ జనం ఎక్కే లాంచీ. మంటూరు దగ్గరకొచ్చేసరికి గాలివాన ముంచుకొచ్చింది. వాన లోపలికి కొట్టకుండా తలుపులు, కిటికీలు మూశారు. ఈదురుగాలికి లాంచీ ఒరిగి మునిగింది. ఈతొచ్చిన వాళ్లకైనా బయటికి వచ్చే దారి లేకపోయింది. నదితోనే బతికే గిరిజనుల ప్రాణాలు ఆ మూసిన తలుపుల వెనక పోయాయి.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. వరదల వల్ల కొన్నాళ్లు ఆగిన పర్యాటక బోట్లు మళ్లీ మొదలయ్యాయి. నదిలో ఇంకా 5 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహముంది. గండిపోచమ్మ గుడి నుంచి బయల్దేరిన 'రాయల్ వశిష్ఠ' కచ్చులూరు దగ్గర, సుడులు తిరిగే చోట ఒరిగిపోయింది. అందులో ఉన్నది 77 మంది. బతికింది 26 మంది. తూటుగుంట గ్రామస్థులు తమ పడవలేసుకుని వెళ్లబట్టి ఆ మాత్రమైనా దక్కారు. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఎక్కాయి. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి సరదాగా వెళ్లిన మిత్రబృందంలో ఎక్కువమంది తిరిగి రాలేదు. బోటు 200 అడుగులకు పైగా లోతుకు వెళ్లిపోయింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు వేసి, తాళ్లు కట్టి, 38 రోజుల తర్వాత దాన్ని బయటికి లాగింది.

ఆ తర్వాత రెండేళ్ల దాకా పాపికొండలకు బోట్లు సరిగా తిరగలేదు. రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. ప్రయాణికుల పేర్లు రాసుకోవడం, బోటుకు అనుమతి చూడటం, నీటిమట్టాన్ని బట్టి ఆపడం వాళ్ల పని. అందుకే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అందరిదీ దగ్గరుంచుకోవాలి. పేరు రాయించడం దండగ పని కాదు. బోటులో ఎందరున్నారన్నది ఒడ్డున ఉన్నవాళ్లకు తెలిసే దారి అదొక్కటే. 'పిల్లాడే కదా' అని చంటివాడి పేరు వదిలేయొద్దు.

లైఫ్ జాకెట్టు గురించి

చెమట వాసనొస్తుందంటారు. ఫొటోలో చీర కనపడదంటారు. బయల్దేరేటప్పుడు వేసుకుని, బోటు మలుపు తిరగ్గానే విప్పి కుర్చీ కింద పెట్టేస్తారు. పెద్దవాళ్ల జాకెట్టును పిల్లాడికి తగిలిస్తే నీళ్లలో అది పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. పిల్లల సైజుది అడగండి. లేదంటే ఆ బోటు ఎక్కకండి. అన్ని తాళ్లూ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే.

ఎక్కగానే మరో పని. దిగే దారులెన్నో, మీ సీటు నుంచి ఎటెళ్లాలో చూసుకోండి. ముసలివాళ్లనీ పిల్లల్నీ దారికి దగ్గరగా కూర్చోబెట్టండి. గాలివానొస్తే తడిసినా ఫర్వాలేదు, కిటికీలు మాత్రం మూయనీయకండి.

ఇక ఫొటోల పిచ్చి. పాపికొండలు కనపడగానే మైకులో చెప్తారు, అందరూ ఒక్కసారిగా ఒకే పక్కకు పరుగెడతారు. పడవకు బరువు కిందే ఉండాలి, మధ్యలో ఉండాలి. పైడెక్కు మీద జనం పెరిగేకొద్దీ అది తాటిచెట్టులా పైబరువు అవుతుంది. ఆ బరువంతా ఒక పక్కకు చేరితే చిన్న కెరటం చాలు. సరంగు 'కూర్చోండి' అని అరిస్తే అది మన సరదా చెడగొట్టడానికి కాదు. కొండలు ఎక్కడికీ పోవు, రెండో పక్కకూ అవే కొండలు.

ఏ నెలలో?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పొద్దున పొగమంచు, తేటనీళ్లు. మార్చి నుంచి ఎండ, దానివెంట సాయంత్రం గాలిదుమ్ములు. జూన్ నుంచి వరద. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అయితే మొదటి హెచ్చరిక రాలేదు కదా అని పడవెక్కొచ్చని కాదు. అది ఊళ్లకు చెప్పే హెచ్చరిక, పడవలకు కాదు. నీళ్లు ఎర్రగా ఉన్నా, కొట్టుకొస్తున్న దుంగలు కనిపించినా ఆ ఏడాదికి ఇంట్లోనే ఉండండి.

పేరంటాలపల్లిలో అరగంట

బోటు ఆగే చోట్లలో పేరంటాలపల్లి ముఖ్యమైంది. బాలానంద స్వామి నెలకొల్పిన రామకృష్ణ మునివాటం, శివాలయం, కొండమీంచి జారే సెలయేరు. ఇక్కడ దిగనిచ్చే సమయం చాలదన్నది చాలామంది ఫిర్యాదు. అదీ నిజమే. రేవు నుంచి ఎత్తుకెక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండిపోతారు. కొండరెడ్లు వెదురు చెక్కి చేసిన పువ్వులు అమ్ముతుంటారు. బోటులో శీతలపానీయానికి అడిగినంతా ఇచ్చేసి, ఇక్కడ వెదురుపువ్వు దగ్గర పదిరూపాయలకు బేరమాడటం చూడ్డానికి బాగుండదు. ఫోను సిగ్నలుండదు గనుక చిల్లర నోట్లు తీసుకెళ్లండి. నీళ్ల సీసాలు నదిలో వేయకండి.

రాత్రి కొల్లూరు ఇసుకతిన్నెల మీద వెదురు గుడిసెల్లో బస, బొంగులో చికెన్ అంటూ ప్యాకేజీలు చెబుతారు. వెన్నెల్లో బాగుంటుంది, సందేహం లేదు. కాకపోతే గుడిసె అంటే గుడిసే. ఏసీ రిసార్టు ఊహించుకుని వెళ్లి పోట్లాడొద్దు. దగ్గర్లో పెద్దాసుపత్రి లేదు. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు రాత్రి బసకు దిగకపోవడం మంచిది. రోజూ వేసుకునే మాత్రలు మర్చిపోవద్దు.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

చెప్పిన బోటు ఒకటి, ఎక్కించింది మరొకటి. భోజనముందన్నారు, పెట్టలేదు. పడవ ఆగిపోయింది, డబ్బులివ్వలేదు. ఇలాంటప్పుడు 'రాష్ట్రం దాటి ఎవడు తిరుగుతాడు' అని వదిలేస్తుంటారు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అంతకన్నా ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. రసీదు, బోటు పేరు, దాని నంబరు కనపడే ఫొటో దగ్గరుండాలి. భద్రత విషయమైతే, అంటే జనం ఎక్కువైనా జాకెట్లు చాలకపోయినా, ఇంటికొచ్చాక రాసే ఫిర్యాదు పనికిరాదు. బోటు కదలకముందే రేవులోని కంట్రోల్ రూములో చెప్పాలి. 2021 నాటి జలరవాణా నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బోటుకు రిజిస్ట్రేషను, తనిఖీ పత్రం, బీమా ఉండాలి. చూపించమని అడగడం మర్యాద తక్కువేం కాదు.

వెళ్లాలనుకునే వాళ్లు మరీ ఏళ్లకేళ్లు వాయిదా వేయకపోవడమూ మంచిదే. పోలవరం జలాశయాన్ని 45.72 మీటర్లకు, అంటే 150 అడుగులకు నింపాలన్నది ప్రణాళిక. అప్పుడు ఈ ఒడ్డు ఈ ఒడ్డులా ఉండదు. పేరంటాలపల్లి మెట్లు, కొల్లూరు ఇసుక, నదిని ఆనుకున్న గిరిజన పల్లెలు నీళ్లకిందికి వెళ్తాయి. దేవీపట్నం మండలంలో చాలా ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. బోటులోంచి చూస్తే చింతచెట్లు, తలుపుల్లేని ఇళ్లు కనిపిస్తాయి. మైకులో ఆ ఊళ్ల పేర్లు చెప్పరు. సరంగును అడిగితే చెబుతాడు.