మణికట్టు సన్నం.. వాచీ ఘనం!

హోసూరు: పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం మనవాళ్లలో పాత ముచ్చటే. ఊరు తమిళనాడులో ఉన్నా హోసూరు తెలుగిళ్లలో ఆ మర్యాద పోలేదు. కాకపోతే అప్పట్లో వందల్లో తేలిపోయేది. ఇప్పుడు బెంగళూరు షోరూముకెళ్లి లక్షలు పోసి విదేశీ వాచీ తెచ్చేవాళ్లూ ఉన్నారు. రెండేళ్ల కిందట మా బంధువులింట ఇదే జరిగింది. మామగారు మోజుపడి 44 మిల్లీమీటర్ల వాచీ తెచ్చారు. పెళ్లికొడుకు మణికట్టేమో ఆరంగుళాలు! పీటల మీద ఫొటోల్లో వాచీయే తప్ప చెయ్యి కనబడదు. మార్చుకుందామని వెళితే, చైను లింకులు తీసేశారు కాబట్టి వాడిన సరుకే అన్నారు. అది బీరువా ఎక్కింది. ఎందుకు పెట్టుకోవని మామగారు అడగలేరు, అల్లుడు చెప్పలేడు.

అసలు కొలత వేరే ఉంది

షాపులో అందరూ అడిగేది ‘ఎన్ని ఎం.ఎం.?’ అనే. ఆ అంకె వాచీ అడ్డకొలత మాత్రమే. పట్టీ తగిలించడానికి పైనా కిందా పొడుచుకొచ్చే కొనలుంటాయి కదా, షాపువాళ్లు లగ్స్ అంటారు. పై కొన చివరి నుంచి కింది కొన చివరి దాకా ఎంతుందో అడగండి. చేతి మీద వాచీ ఎంత చోటు తింటుందో చెప్పేది అదే. రెండు వాచీలూ 40 ఎం.ఎం. అయినా ఒకదానికి ఈ పొడవు 46 ఉంటుంది, ఇంకోదానికి 50 దాటుతుంది.

ముందు ఇంట్లో మణికట్టుకు దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. 15, 16 సెంటీమీటర్లు వస్తే సన్నం చెయ్యే. అంతటితో ఆగొద్దు. మణికట్టు పైభాగం బల్లపరుపుగా ఉన్న మేర వెడల్పెంతో కూడా చూడండి. చుట్టుకొలత ఒకటే అయినా కొందరి చెయ్యి చదునుగా, కొందరిది గుండ్రంగా ఉంటుంది. వాచీ కొనలు ఆ వెడల్పు దాటాయంటే పట్టీ పక్కల్లో గాల్లో వేలాడుతుంది, చొక్కా కఫ్‌కు తగులుకుంటుంది. వెడల్పు 48 మిల్లీమీటర్లుంటే వాచీ పొడవు 46 లోపు చూసుకోవడం మంచిది. అనుమానంగా ఉంటే ఆ కొలతకు అట్టముక్క కత్తిరించి చేతి మీద పెట్టుకోండి, తేలిపోతుంది. ఆరంగుళాల చేతికి మామూలుగా 34 నుంచి 38 దాకా నప్పుతాయి.

నలుచదరం వాచీలతో జాగ్రత్త. 36 మిల్లీమీటర్ల చదరం మూల నుంచి మూలకు 51 ఉంటుంది! సన్నగా పొడవుగా ఉండేవి మాత్రం సన్నం చేతికి అందమే. తెల్ల డయలు, సన్న అంచు ఉన్న వాచీ అదే సైజు నల్లదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. ఇక మందం. పదికి లోపుంటే చొక్కా చేయి కిందికి దూరిపోతుంది. ఎనభైల్లో టైటాన్ ఫ్యాక్టరీ వచ్చిన ఊరు కాబట్టి ఇది చెప్పుకోవాలి: 2002లో వచ్చిన టైటాన్ ఎడ్జ్ మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లే, లోపలి యంత్రం 1.15.

ఆడవాళ్ల సైజా?

36 చూపిస్తే ‘ఇది లేడీస్‌దా?’ అని సిగ్గుపడే మగవాళ్లున్నారు. అక్కర్లేదు. 1945లో వచ్చిన రోలెక్స్ డేట్‌జస్ట్ మగవాళ్ల వాచీయే, సైజు 36. పటేక్ ఫిలిప్ 1932లో తెచ్చిన కాలట్రావా సుమారు 31. మన తాతల హెచ్ఎంటీ జనతా సుమారు 35. పళ్లేలంత వాచీల మోజు 2000 తర్వాత పెరిగింది. ఇప్పుడు మళ్లీ చిన్న సైజులు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, కంపెనీలూ ఒకే మోడల్‌ను మూడు, నాలుగు సైజుల్లో పెడుతున్నాయి.

చైను వాచీ అయితే లింకులు తీయించే ముందే బాగా చూసుకోవాలి, తీసిన తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టం. తీసిన లింకులు అడిగి ఇంటికి తెచ్చుకోండి. లోపలి వైపు బిగించే బిళ్ల మణికట్టుకన్నా వెడల్పుంటే ఎన్ని లింకులు తీసినా లాభం లేదు. బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించడంకన్నా పొట్టి బెల్టు అడగడం మేలు, లేకుంటే బకిల్ ఒక పక్కకు జరిగిపోతుంది. చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూడొద్దు, అలా చూస్తే ప్రతి వాచీ పెద్దదే. చెయ్యి కిందికి వదిలి నిలువుటద్దంలో చూసుకోవాలి.

మా బంధువుల అబ్బాయి ప్రస్తుతం తాతగారి జనతా పెట్టుకుంటున్నాడు. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. మామగారు వస్తున్నారని ఫోనొస్తే మాత్రం బీరువా తాళం వెతుకుతారు.