మిస్డ్ కాల్ చాలు, యాప్ అక్కర్లేదు
సోషల్ మీడియా కంపెనీలు యాప్ వేసుకుంటేనే రమ్మంటున్నాయి. బస్తర్ ఆదివాసీలు మామూలు ఫోన్‌తోనే గొంతు వినిపించారు

ఫోన్ బ్రౌజర్‌లో ఫేస్‌బుక్ తెరిచి మిత్రుడి సందేశం చదవడం ఒకప్పుడు మామూలు విషయం. 2014లో ఆ కంపెనీ తన ప్రధాన యాప్ నుంచి సందేశాలను తప్పించి మెసెంజర్ అనే మరో యాప్ వేసుకోమంది. 2016లో మొబైల్ వెబ్‌సైట్‌లోనూ ఆ సదుపాయాన్ని మూసేయడం మొదలుపెట్టింది. ఇన్‌స్టాగ్రామ్, రెడిట్‌లదీ అదే బాట. బ్రౌజర్‌లో కాసేపు చూడగానే యాప్‌లోకి రమ్మనే ప్రకటన తెరకు అడ్డుపడుతుంది. యాప్ ఉంటే నోటిఫికేషన్లతో పదేపదే పిలవొచ్చు. అనుమతి దొరికితే కాంటాక్టులు, తిరిగే చోట్లు తెలుసుకోవచ్చు. పైగా యాప్‌లో వచ్చే ప్రకటనలను అడ్డుకోవడం కష్టం.

నగరాల్లో ఇది చిరాకు మాత్రమే. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పల్లెల్లో మాత్రం పెద్ద అడ్డంకి. స్మార్ట్‌ఫోన్, అందులో ఖాళీ, డేటా, సిగ్నల్... ఇవన్నీ సమకూరినా భాష చిక్కు మిగిలే ఉంటుంది. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవారు 29 లక్షల పైచిలుకు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఆ భాషకు చోటు లేదు.

ఫోన్లు పంచితే సరిపోతుందని రమణ్ సింగ్ ప్రభుత్వం భావించింది. 2018లో సంచార్ క్రాంతి యోజన కింద దాదాపు 50 లక్షల స్మార్ట్‌ఫోన్ల పంపిణీకి పూనుకుంది. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మారడంతో పథకం మధ్యలోనే ఆగిపోయింది.

బీబీసీ మాజీ పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి అంతకు చాలాముందే మరో దారి పట్టారు. 2004లో ఇంటర్నెట్ చర్చావేదికగా మొదలైన సీజీనెట్‌లో ఆదివాసీల గురించి చర్చ జరిగేది కానీ వారి గొంతు వినిపించేది కాదు. అందుకే 2010లో సీజీనెట్ స్వర వచ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే కంప్యూటరే తిరిగి ఫోన్ చేసేది. 1 నొక్కితే తమ మాట రికార్డు చేయొచ్చు, 2 నొక్కితే ఇతరుల మాటలు వినొచ్చు. చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. పాడైన చేతిపంపు గురించో, అందని ఉపాధి హామీ కూలి గురించో ఊరివాళ్లు చెబుతూ సంబంధిత అధికారి నంబరూ ఇచ్చేవారు. మోడరేటర్లు సరిచూశాక అది అందరికీ వినిపించేది. దూరాన ఉన్న శ్రోతలు ఆ అధికారికి ఫోన్ చేసి నిలదీసేవారు. 2014లో చౌధురికి ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ పురస్కారం లభించింది.

స్వర కూడా యాప్‌లను కాదనలేదు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా తోడ్పాటుతో గోండీ పాఠాన్ని చదివి వినిపించే ఆదివాసీ రేడియో యాప్ వచ్చింది. సిగ్నల్ లేని ఊళ్లలో బ్లూటూత్‌తో ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు వార్తలు చేరవేసే పద్ధతికి స్థానికుల ఉచ్చారణలోనే బుల్టూ రేడియో అని పేరు పెట్టారు. యాప్ వేసుకోలేనివారికి మామూలు కాల్ ఎలాగూ ఉంది.

అయితే కాల్ ఖర్చు ఉత్తినే పోదు. తిరిగి చేసే ప్రతి కాల్ ఖర్చూ నిర్వాహకులదే. గ్రాంట్లపై ఆధారపడే సంస్థకు అది నిత్యం భారమే. యాప్‌ను ఉచితంగా ఇచ్చే కంపెనీకి వాడేవాడి సమాచారమే ఆదాయం. గోండీ మాత్రమే వచ్చిన కూలీ ఫిర్యాదు వినడంలో ఆ ఆదాయం లేదు. అందుకే ఆ పని ఇంకొకరు చేయాల్సి వచ్చింది.