అమ్మాయి చేతికి ఉలి ఇస్తే తప్పా?

వానలు పడగానే మీ ఇంట్లో ఏదో ఒక తలుపు బిగుసుకుపోతుంది కదూ? ఎండాకాలం వస్తే అదే తలుపు సందుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. వడ్రంగికి కబురు పెడతాం గానీ, ఎందుకిలా అవుతుందో అడగం. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు పెరగదు. అంతే సంగతి! నేను చదివిన హైస్కూల్లో ఇది మగపిల్లలకే తెలిసేది. క్రాఫ్ట్ పీరియడు రాగానే వాళ్లు కొయ్యపని షెడ్డుకి, మేం కుట్లు అల్లికల గదికి. కాజాలు కుట్టడం వచ్చినందుకు నాకు బాధ లేదు. ఆ షెడ్డు గడప తొక్కనివ్వలేదనే నా బాధ.

సెకండరీ విద్యపై 1952లో వేసిన ముదలియార్ కమిషన్ ప్రతి విద్యార్థీ ఏదో ఒక చేతిపని నేర్చుకోవాలంది. వడ్రంగం, నేత, తోటపని, కుట్టుపని అన్నీ చెప్పింది. ఎవరికేదో మాత్రం మా బడే తేల్చేసింది.

గొర్రు వెనక నడిచిందెవరు?

మా రాప్తాడు మెట్టపొలాల్లో ట్రాక్టర్లు రాకముందు విత్తనం వేసేది కొయ్య గొర్రుతోనే. దాని వెనకే నడుస్తూ జడ్డిగంలో గింజలు పోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఈ కరువు నేలలో పదునైన వాన పడ్డాక విత్తనానికి దొరికే రోజులు తక్కువ. ఆ రోజుల్లో గొర్రు విరిగితే వడ్రంగి ఇంటిముందు కూర్చోవాల్సిందే. పనిముట్టు వాడే చేతికి దాన్ని బాగుచేయడం రాకూడదా?

లెక్కలూ ఇందులోనే

బల్ల మూల సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఒక అంచున 3 జానలు, రెండో అంచున 4 జానలు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలవాలి. 5 జానలొస్తే మూలమట్టం కుదిరినట్టే. పైథాగరస్ సిద్ధాంతం బట్టీ పట్టక్కర్లేదు, చేతికే వచ్చేస్తుంది.

ఫిన్లాండు 1866లోనే పల్లె బడుల్లో చేతిపనిని పాఠంగా పెట్టింది. ఇప్పుడక్కడ ఆడా మగా అందరూ చెక్కపనీ, కుట్టుపనీ రెండూ నేర్చుకుంటారు. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల్లో వడ్రంగం, కరెంటు పని, కుండల తయారీ లాంటివి పిల్లలందరికీ రుచి చూపించాలంది. అందరికీ అంటే అమ్మాయిలకు కూడా. మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగితే ఈ మాట అడగండి. అమ్మాయిల్ని మళ్లీ కుట్టు గదికే పంపితే ఊరుకోకండి.

ఈలోగా ఇంట్లో...

* వానాకాలంలో బిగిసిన తలుపును వెంటనే చిత్రిక పట్టించకండి. ఎండలొచ్చాక వదులైపోతుంది. అప్పటిదాకా రాసుకునే అంచున కొవ్వొత్తి రుద్దండి.

* పచ్చి చెక్కతో ఏదీ చేయించకండి. ఆరాక కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది.

* ఉలి పట్టిన పిల్లలకు మొదటి పాఠం: రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి, ముందు కాదు.