అరకులో మైనస్ 127 డిగ్రీలా? చార్ట్ యాక్సిస్ రేంజ్ సెట్ చేసే ముందు ఇది చదవండి

అరకు చలి ఎంత ఫేమస్ అయినా మైనస్ 127 డిగ్రీలు మాత్రం ఉండదు కదా! కానీ మా ఫ్రెండ్ వాళ్ల కాఫీ తోటలో పెట్టిన సెన్సర్ డేటాని ఎక్సెల్‌లో లైన్ చార్ట్‌గా వేస్తే, నిలువు యాక్సిస్ మైనస్ 150 నుంచి 100 వరకు వచ్చింది. డిసెంబర్ రాత్రి టెంపరేచర్ దిగే తీరంతా మధ్యలో ఒక తిన్నటి గీత. "రాతిరంతా ఒకేలాగుంది కదేటి బాబూ?" అన్నారు వాళ్ల నాన్న. ఆరబెట్టిన కాఫీ గింజల మీద మంచు పడకముందే టార్పాలిన్ ఎప్పుడు కప్పాలో చూసుకోడానికే ఆయనకి ఆ చార్ట్.

ఎక్సెల్ తప్పేం లేదు. మేం వాడింది డీఎస్18బీ20 సెన్సర్. వైరు లూజైతే దాని ఆర్డుయినో లైబ్రరీ మైనస్ 127 అని ఇస్తుంది. పవర్ పోయి వచ్చాక ఒక్కోసారి 85 వస్తుంది. ఆటో రేంజ్ వీటినీ నిజం రీడింగులే అనుకుంటుంది. అందుకే యాక్సిస్ జోలికి వెళ్లే ముందు ఆ సెల్స్ ఖాళీ చేయండి. సున్నా మాత్రం పెట్టొద్దు. లంబసింగి వార్తలు చదివే జనం అది నిజమే అనుకుంటారు!

ఇప్పుడు యాక్సిస్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఫార్మాట్ యాక్సిస్‌లో బౌండ్స్ కింద మినిమమ్, మాక్సిమమ్ కనిపిస్తాయి. గూగుల్ షీట్స్‌లో అయితే చార్ట్ ఎడిటర్, కస్టమైజ్, వర్టికల్ యాక్సిస్.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. డేటా 6 నుంచి 27 మధ్య ఉందని మినిమమ్ 5 ఇచ్చారనుకోండి, ఈ వారం చార్ట్ అదిరిపోతుంది. వచ్చే వారం ఓ రాత్రి 3కి పడితే? చేత్తో ఇచ్చిన నంబర్ దానంతటదే మారదు, గీత అడుగున తెగిపోతుంది. ఏ రాత్రి కోసం సెన్సర్ పెట్టామో ఆ రాత్రే కనబడదన్నమాట. కాబట్టి ఈ వారం డేటాకి కాదు, సీజన్ మొత్తానికి సరిపడా రేంజ్ ఇవ్వండి. మేం 0 నుంచి 35 పెట్టాం. కొండకి రెండు వైపులా రెండు సెన్సర్లుంటే రెండు చార్ట్‌లకీ అదే రేంజ్ ఉండాలి, లేదంటే పోల్చలేం.

"యాక్సిస్ సున్నా నుంచే మొదలవ్వాలి" అనేది బార్ చార్ట్‌ల రూల్, అక్కడ కన్ను పొడవునే కొలుస్తుంది కాబట్టి. ఒక ఫోన్ బెంచ్‌మార్క్ స్కోర్ 9.8 లక్షలు, ఇంకోదానిది 10 లక్షలు అనుకుందాం. యాక్సిస్ 9.7 లక్షల దగ్గర మొదలుపెడితే రెండో బార్ మూడు రెట్లు పొడుగ్గా కనిపిస్తుంది. తేడా మాత్రం 2 శాతమే! సెల్సియస్ లైన్ చార్ట్‌కి ఆ పట్టింపు లేదు.

రేంజ్ నచ్చకపోతే ఆ నంబర్ పక్కనే ఉన్న రీసెట్ నొక్కండి, మళ్లీ ఆటోకి వెళ్లిపోతుంది.