మెకంజీ లేఖయు, కావలి సోదరులును

కైఫీయత్తులను పరిశీలించువా రందరును కర్నల్ కాలిన్ మెకంజీని స్మరింతురు. కాని యూరూర తిరిగి యా గ్రామచరిత్రలను వ్రాసి తెచ్చిన వారెవరు? ఈ ప్రశ్నకు మెకంజీ వ్రాసిన యొక లేఖయే సమాధానము చెప్పుచున్నది. ఆ విషయమును సంగ్రహముగా వివరింప దలచితిమి.

మెకంజీ స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపవాసి. 1783లో కంపెనీ సైన్యోద్యోగిగా చెన్నపట్టణము చేరెను. యుద్ధకాలమున కోటల ముట్టడియు, తదితర కాలమున బాటలను, కొండలను, నదులను కొలచి పటములు గీయుటయు నాతని వృత్తి. 1799లో టిప్పు సుల్తాను మరణించిన పిమ్మట మైసూరు సర్వే యాతని కప్పగింపబడెను. 40,000 చదరపు మైళ్లకు మించిన యా ప్రదేశమున నేలను కొలచుటతో తృప్తి చెందక, చెరువులు, పంటలు, దేవాలయములు, శాసనములు మున్నగువాని వివరములను గూడ సేకరింప బూనెను. ఇందులకు స్వంత ధనమును సైతము వెచ్చించెను. 1815లో భారతదేశమునకు ప్రథమ సర్వేయర్ జనరల్ అయ్యెను, 1821లో మరణించెను.

సింహళమున ప్రధాన న్యాయాధిపతిగా నుండిన మిత్రుడు సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు 1817లో నాతడు తన యుద్యోగ జీవితమును వివరించుచు లేఖ వ్రాసెను. ఈ దేశమున గడచిన మొదటి పదుమూడేండ్లు విద్యావిషయమున తనకు నిష్ఫలములైనవనియు, దేశభాషలు తనకు రావనియు నందు నిస్సంకోచముగా నంగీకరించెను. 1796 తరువాత కావలి వెంకట బొర్రయ్యతో నేర్పడిన పరిచయమే భారతీయ విజ్ఞానమునకు తనకు ద్వారమైనదని కృతజ్ఞతతో చెప్పెను. బొర్రయ్య యేలూరికి చెందిన కావలి వంశీయుడు. 1803లో నాతడు పిన్నవయస్సుననే మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య యా భారమును వహించెను. మరియొక సోదరుడు రామస్వామి 1829లో దక్షిణదేశ కవుల చరిత్రను ఆంగ్లమున ప్రకటించెను.

వీరి పర్యవేక్షణమున గుమాస్తాలు గ్రామములకు పోయి, కరణముల యొద్దనున్న దండకవిలెలకు ప్రతులు వ్రాసికొని, వృద్ధుల వాఙ్మూలములను సేకరించి, తమ ప్రయాణ వృత్తాంతములను జాబులుగా పంపుచుండిరి. ఆ జాబులును మెకంజీ సంపుటములలో చేరినవి.

మెకంజీ యనంతరము ఆ కృషిని కొనసాగింప లక్ష్మయ్య యనుమతి కోరెను. కాని 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పక్షమున జేమ్స్ ప్రిన్సెప్, ఇట్టి కార్యమునకు దేశీయు డెవ్వడును సమర్థుడు కాజాలడని యభిప్రాయ మిచ్చెను. ఏ చేతులు సామగ్రిని కూర్చెనో ఆ చేతులకే యోగ్యత లేదన్న యీ తీర్పును మెకంజీ లేఖయే ఖండించుచున్నది.

కావున పరిశోధక విద్యార్థులకు మా విన్నప మిది. కైఫీయత్తు నుదాహరించునపుడు “మెకంజీ చెప్పెను” అని వ్రాయుట సరికాదు. చెప్పినవాడు కరణము, వ్రాసినవాడు గుమాస్తా, కూర్చినవారు కావలి సోదరులు. మాన్యములు, మిరాసీ హక్కులు కొత్త ప్రభుత్వ విచారణకు లోనైన కాలమున చెప్పిన మాటలగుటచే చెప్పినవాని ప్రయోజనమును గూడ విచారింపవలెను. ఎవరి మాటయో యెరిగిన పిమ్మటనే దాని ప్రామాణ్యమును నిర్ణయింపగలము.